నిజాం వెండి రూపాయి వేలంలో కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ రూపాయి కొనాలంటే ముందు చార్మినార్ గుమ్మంలోని ఉర్దూ అక్షరం చూడండి: మీమ్ (‘మ’) ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ (ఉస్మాన్ పేరులోని తొలి అక్షరం) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. బరువు సుమారు 11.2 గ్రాములు ఉండాలి. అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు గానీ 10 గ్రాములే తూగితే వదిలేయండి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద సన్నని గుంటలు కనిపిస్తాయి. కాబట్టి అంచు ఫొటో అడగండి, ఇవ్వకపోతే పాడకండి.

పాట ఆగిన ధరే మీ ఖర్చు కాదు. 20,000కి దక్కి, బయ్యర్స్ ప్రీమియం (పాట ధర మీద వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర తీసుకునే రుసుము) 15 శాతమైతే మరో 3,000; ఆపైన జీఎస్టీ, కొరియర్. మీ గరిష్ఠ మొత్తంలోంచి ఇవి ముందే తీసేసి, మిగిలినంతవరకే పాడండి.

అమ్మేవాళ్లు చింతపండుతో తోమొద్దు! తళతళ వస్తుంది, ధర పడిపోతుంది. పీవీసీ కవర్లలో ఏళ్లతరబడి ఉంచితే పచ్చటి జిగురు పడుతుంది, మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి. రిజర్వు ధర (ఇంతకంటే తక్కువకు అమ్మకూడదనే కనీస ధర), కమిషన్, అమ్ముడుపోకపోతే పడే రుసుము కాగితం మీద రాయించుకోండి.

వందేళ్లు దాటిన నాణేన్ని 1972 పురావస్తు చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. అమెరికాలోని బంధువుకు కానుకగా కూడా.