ఇంటి కంప్యూటర్లో స్పైవేర్: స్కాన్ కొట్టే ముందు ఎక్స్‌క్లూజన్స్ చూడండి

నెల్లూరులోనో ఒంగోలులోనో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ చాలాసార్లు విండోస్, ఆఫీస్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ వేసుకునే ఇంటికొస్తుంది. బిల్లులో విండోస్ లైసెన్స్ ఊసే లేకపోతే యాక్టివేటర్‌తో (లైసెన్స్ లేకుండానే విండోస్ నడిపించే దొంగ ప్రోగ్రాంతో) నడిపించి ఉంటారని అనుమానించాల్సిందే. మామూలుగా యాక్టివేటర్లు, క్రాక్‌లు నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. మన పాస్‌వర్డ్‌లు, సమాచారం దొంగచాటుగా ఎత్తుకెళ్ళే స్పైవేర్ దూరే సందు అదే.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి కిందికి రండి. అక్కడ ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ఈ జాబితాలో ఉన్న ఫోల్డర్ వైపు డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) తొంగి కూడా చూడదు. అందులో సి డ్రైవ్ మొత్తం పెట్టి ఉంటే, ఎన్నిసార్లు స్కాన్ కొట్టినా ఏమీ లేదనే చెబుతుంది. మీరు పెట్టనివన్నీ తీసేయండి. అదే పేజీలో రియల్ టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. ఆఫీసు వాళ్ళు ఇచ్చింది కాదు, సొంత కంప్యూటరే. అయినా ‘అడ్మినిస్ట్రేటర్ నిర్వహిస్తున్నారు’ అంటూ బటన్ కదలకపోతే ఎవరో లోపల పాలసీ మార్చారన్నమాట. దానికి మందు కొత్తగా విండోస్ వేసుకోవడమే.

బటన్లు మాట వింటే, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి, నడుస్తూ దాక్కునేవి కూడా దొరికే అవకాశముంది. కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది. కరెంటు పోయే వేళ పెట్టుకోకండి. దొరికినవి ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తాయి.

తర్వాత బ్రౌజర్. తెలియని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంలు) రిమూవ్ చేయండి. కూపన్లు, వీడియో డౌన్‌లోడర్ల పేరుతో వచ్చేవి ముందు అనుమానించండి. ‘మీ కంప్యూటర్లో వైరస్ ఉంది’ అని మూలన తరచూ ఎగిరే డబ్బా చాలాసార్లు వైరస్ కాదు, ఏదో సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చిన ఫలితం. సైట్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే నోరు మూస్తుంది.

రిపేరు కోసం ఎవరైనా దూరం నుంచి ఎనీడెస్క్‌తో లోపలికి వచ్చి ఉంటే, పని కాగానే అన్ఇన్‌స్టాల్ చేయండి. అన్అటెండెడ్ యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తే, మీరు నిద్రపోతున్నా వాళ్ళు రావచ్చు.

కొత్తగా విండోస్ వేయించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. సి డ్రైవ్ మాత్రం ఫార్మాట్ కొట్టి, డి డ్రైవ్ అలాగే ఉంచుతారు. పాత క్రాక్ సెటప్‌లు ఉండేది ఆ డి లోనే. మళ్ళీ అక్కణ్ణించే ఇన్‌స్టాల్ చేస్తారు, కథ మొదటికొస్తుంది. ఫొటోలు, సర్టిఫికెట్లు, రొయ్యల చెరువు లెక్కలు బయటి డిస్కులోకి ఎత్తుకోండి, సెటప్ ఫైళ్ళు మాత్రం వద్దు. నమ్మకమైన వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్ తయారుచేసి (అందులోని ఫైళ్ళన్నీ పోతాయి), ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంప్యూటర్ లోపలి డిస్కు మీది పార్టిషన్లన్నీ (సి, డి అన్నీ) డిలీట్ చేయండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కనుక, మెషీన్ ఒప్పుకుంటే విండోస్ 11 వేయండి.

పిల్లకాయలకు వేరే స్టాండర్డ్ అకౌంట్ తెరిచి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. గేమ్‌ను మార్చే ‘మాడ్’ ఫైల్ అంటూ ఏదైనా సిస్టమ్‌లోకి చొరబడబోతే చాలావరకు అక్కడే ఆగి పాస్‌వర్డ్ అడుగుతుంది.

పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కంప్యూటర్ మీద మార్చకండి, ఫోన్‌లో మార్చండి. అంతటితో సరిపోదు. స్పైవేర్ బ్రౌజర్ లాగిన్‌నే ఎత్తుకెళ్తే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ అడక్కుండానే అకౌంట్ తెరుచుకోవచ్చు. గూగుల్ అకౌంట్లో యువర్ డివైసెస్‌కు వెళ్ళి తెలియనివన్నీ సైన్ అవుట్ చేయండి. బ్యాంకు డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇవన్నీ పక్కనపెట్టి, లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.