నిద్రలో కదలికలు, మూడవ పాఠం: కాళ్లను గమనించడం

గత పాఠంలో నిద్ర దశలను చూశాం. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర కలిసి సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృత్తి పూర్తవుతుందనీ, గాఢ నిద్ర రాత్రి మొదటి భాగంలో, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువనీ తెలుసుకున్నాం. కదలిక ఏ వేళకు వచ్చిందన్నది ఇక మీదట ప్రతి పాఠంలోనూ ముఖ్యమే కాబట్టి ఆ విషయం మరచిపోకండి. ఈ పాఠం కాళ్లకే పరిమితం. కలలో చేతులు విసరడం, కేకలు వేయడం తరువాతి పాఠంలో వస్తాయి.

ముందుగా ఒక అలవాటు చేసుకోవాలి. కదలికకు పేరు పెట్టే ముందు దాన్ని వర్ణించండి. "రాత్రిళ్లు కాళ్లు కొట్టుకుంటున్నాయి" అని వైద్యుడికి చెబితే ఆ మాట కింద నాలుగైదు వేర్వేరు సమస్యలు ఇమిడిపోతాయి. వాటి కారణాలు వేరు, చికిత్సలు వేరు. కొన్నింటికి చికిత్సే అక్కరలేదు. వర్ణించడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ క్షణంలో మనిషి మెలకువగా ఉన్నాడా, నిద్రలోకి జారుతున్నాడా, నిద్రపోతున్నాడా? కదలిక ఒక్కసారి వచ్చి ఆగిందా, మళ్లీ మళ్లీ వచ్చిందా? కాలు కదిలిన సంగతి ఆ మనిషికి తెలుసా? మూడింటిలో మొదటిదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దానికి సరైన జవాబు దొరికితే దారి సగం తేలిపోతుంది.

తేలికైనదానితో మొదలుపెడదాం. కన్ను మూతపడుతుండగా ఒళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఎత్తు నుంచి పడిపోతున్నట్టు అనిపించి మెలకువ వస్తుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే అనుభవమే ఇది. అలసట, ఆందోళన, నిద్ర చాలకపోవడం, పొద్దుపోయాక కాఫీ తాగడం దీన్ని పెంచుతాయి. ప్రమాదం లేదు. నిద్రపోవడానికే భయపడేంత తరచుగా వస్తే మాత్రం వైద్యుడితో మాట్లాడండి.

ఇప్పుడు ఈ పాఠంలో అసలైన భాగానికి వద్దాం. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్, అంటే కాళ్ల అశాంతి వ్యాధి. 17వ శతాబ్దంలోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని వర్ణించాడు. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ వివరంగా అధ్యయనం చేసి ఆ పేరు ఖాయం చేశాడు. బాధితులు దీన్ని రకరకాలుగా చెబుతారు. కాళ్లు పీకుతున్నాయంటారు, లోపల ఏదో పాకుతోందంటారు, ఎముకల్లో గుంజుతోందంటారు. మాటలు ఎలా ఉన్నా గుర్తుపట్టే లక్షణాలు ఇవే: కాళ్లు కదిలించి తీరాలన్న ఆపుకోలేని కోరిక కలుగుతుంది, కూర్చున్నా పడుకున్నా అది మొదలవుతుంది లేదా పెరుగుతుంది, లేచి నడిస్తే తగ్గుతుంది, సాయంత్రం, రాత్రి వేళల్లో ఎక్కువవుతుంది. ఇవన్నీ ఉండి, వాటిని కీళ్ల నొప్పులు, కాళ్ల వాపు వంటి మరో కారణంతో వివరించలేకపోతేనే ఆ పేరు పెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ వ్యాధికి గుర్తు కాళ్లు వాటంతట అవి కదలడం కాదు. బాధ భరించలేక మనిషే కదిలిస్తాడు. మనిషి మెలకువగానే ఉంటాడు, అతనికి అంతా తెలుస్తుంది. అందుకే దీన్ని నిర్ధారించడానికి సాధారణంగా రాత్రంతా చేసే నిద్ర పరీక్ష అవసరం ఉండదు. ఓపికగా అడిగి, శ్రద్ధగా వింటే సరిపోతుంది. "నరాల బలహీనత" అనో "అంతా మనసులోనే ఉంది" అనో కొట్టిపారేయడం వల్ల ఎందరో ఏళ్ల తరబడి నిద్ర లేకుండా గడుపుతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కారణాల్లో ముందుగా చూడాల్సింది ఇనుము. రక్తహీనత లేకపోయినా మెదడుకు ఇనుము చాలకపోవచ్చు. దేహంలో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించినప్పుడు నివేదికలో "సాధారణం" అని ఉంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈ వ్యాధి ఉన్న పెద్దల్లో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. ప్రయోగశాలలు "సాధారణం" అని చూపే కనిష్ఠ అంకె దీనికంటే చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి అంకెనే అడగండి. ఇనుము మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి, ఎక్కువైతే అదీ హానే. మూత్రపిండాల వైఫల్యం, గర్భధారణ కూడా ఈ బాధను తెస్తాయి. గర్భిణుల్లో ఇది చివరి నెలల్లో ఎక్కువై, కాన్పు తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. జలుబుకు, దురదకు వాడే కొన్ని మత్తు కలిగించే మాత్రలు, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని కుంగుబాటు మందులు దీన్ని తీవ్రం చేయవచ్చు. మీరు వాడే మందులన్నీ రాసుకుని వెళ్లండి.

ఇక నిద్రలో ఆవర్తక కదలికలు. ఇవి నిజంగా అసంకల్పితమైనవి. నిద్రపోతున్న మనిషి బొటనవేలు పైకి లేస్తుంది, చీలమండ వంగుతుంది, ఒక్కోసారి మోకాలు, తుంటి కూడా ముడుచుకుంటాయి. ఒక్కో కదలిక అర సెకను నుంచి 10 సెకన్ల వరకు ఉంటుంది. ఒకటి మొదలైన 5 నుంచి 90 సెకన్లలోపు మరొకటి వస్తుంది. అలా వరుసగా కనీసం నాలుగు వస్తేనే ఆవర్తకమని లెక్కిస్తారు. రాత్రి మొదటి సగంలో ఇవి ఎక్కువ. నిద్రపోయే మనిషికి తెలియదు, పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. నిద్ర పరీక్షలో పెద్దలకు గంటకు 15 దాటితే, పిల్లలకు 5 దాటితే ఎక్కువ కింద లెక్క.

అయితే అంకె ఎక్కువైనంత మాత్రాన జబ్బు కాదు. నిద్ర చెడిపోవడమో పగలు నిస్సత్తువో ఉండి, దానికి మరో కారణం కనిపించకపోతేనే జబ్బు అనాలి. కాళ్ల అశాంతి ఉన్నవారిలో 80 శాతానికి పైగా ఈ కదలికలు కనిపిస్తాయి. కదలికలు ఉన్నవారందరికీ కాళ్ల అశాంతి మాత్రం ఉండదు. ఈ రెండింటినీ కలిపేయడం నేర్చుకునేవారు తరచుగా చేసే తప్పు.

పిక్క పట్టేయడం వేరు. అందులో కండరం రాయిలా గట్టిపడుతుంది, చేతికి ముడిలా తగులుతుంది, నొప్పి విపరీతంగా ఉంటుంది. పాదాన్ని మోకాలి వైపు లాగి పిక్కను సాగదీస్తే వదులుతుంది. కాళ్ల అశాంతిలో అలాంటి ముడి ఉండదు.

మరో మాట. ఒకే తీరు కదలిక అచ్చు గుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తున్నా, నాలుక కొరుక్కున్నా, పక్క తడిసినా అది మూర్ఛ కావచ్చు. ఈ పాఠాన్ని పక్కన పెట్టి నరాల వైద్యుణ్ని కలవండి.

ఇక సాధన. రెండు వారాలపాటు ఒక పుస్తకంలో పడుకున్న వేళ, కాళ్లలో బాధ మొదలైన వేళ, నడిస్తే తగ్గిందా లేదా, ఆ రోజు వేసుకున్న మందులు రాయండి. పక్కవారి కదలికలైతే వారి అనుమతి తీసుకుని ఫోనుతో అరగంట వీడియో తీయండి. కదలికకూ కదలికకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. శ్వాస చప్పుడు కూడా వినబడేలా తీయాలి, ఎందుకో కింద తెలుస్తుంది.

ఈ ముగ్గురి గురించి ఆలోచించి, జవాబు రాసుకున్నాకే ముందుకు చదవండి. ఎనిమిదో నెల గర్భిణి రాత్రి పది గంటలకు పడుకోగానే కాళ్లు గుంజుతున్నాయని లేచి ఇంట్లో తిరుగుతోంది. తిరుగుతున్నంతసేపూ హాయిగా ఉంటోంది. ఒక యువకుడు పరీక్షల రోజుల్లో కునుకు పట్టగానే ఎగిరిపడి లేస్తున్నాడు, మళ్లీ పడుకుంటే మామూలుగా నిద్రపోతున్నాడు. ఒక పెద్దాయన నిద్రలో నిమిషానికోసారి కాళ్లు విదిలిస్తున్నాడు. ప్రతి విదిలింపుకూ ముందు గురక ఆగి, విదిలించగానే పెద్దగా గాలి పీల్చుకుంటున్నాడు. పగలంతా కునికిపాట్లు పడుతున్నాడు.

మొదటిది కాళ్ల అశాంతి, ఫెరిటిన్ చూడాలి. రెండవది నిద్ర మొదట్లో వచ్చే ఉలికిపాటు. మూడవదాన్ని మీరు ఆవర్తక కదలికలని రాసి ఉంటే వీడియోలో శ్వాస చప్పుడు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది. శ్వాస ఆగి, మళ్లీ అందుకునే ప్రయత్నంలో దేహం కుదుపుకు లోనై కాలు కదులుతోంది. ఇలా శ్వాస అంతరాయానికి తోడుగా వచ్చే కదలికలను ఆవర్తక కదలికల లెక్కలో చేర్చరు. ఆయనకు ముందు కావలసింది శ్వాస కోసం నిద్ర పరీక్ష. శ్వాస సరిచేశాక కూడా కదలికలు మిగిలితే అప్పుడు కాళ్ల గురించి ఆలోచించాలి.