రోయింగ్ మెషీన్ మీద నడుము పట్టేస్తోందా? ముందు ఊపిరి చూడండి

సమస్య: రోయింగ్ మెషీన్ (పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే వ్యాయామ యంత్రం) మీద పది నిమిషాలు హాయిగా సాగాక నడుము కింది భాగం పట్టేయడం

కారణం: అందరూ ముందు సీటును అనుమానిస్తారు. అసలు చూడాల్సింది క్యాచ్ దగ్గర, అంటే మోకాళ్లు ఛాతీ దగ్గరికి వచ్చి హ్యాండిల్ లాగబోయే క్షణంలో, ఊపిరి ఎక్కడుందో. ఆ భంగిమలో తొడలు పొట్టను నొక్కుతాయి. డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం, కిందికి దిగడానికి చోటుండదు. అప్పుడు పీల్చబోతే భుజాలు లేస్తాయి తప్ప గాలి లోపలికి దిగదు. అలాగని ఊపిరంతా వదిలేసి లాగితే పొట్టలో బిగువు ఉండదు. సైకిలు ట్యూబులో గాలి ఉన్నంతసేపే అది బరువు మోస్తుంది. గాలి దిగితే రిమ్ము నేలకు తగులుతుంది. ఇక్కడ రిమ్ము మీ వెన్నెముక. ముందునుంచి దన్ను తగ్గేసరికి నడుము గుండ్రంగా వంగి, కాళ్లు తన్నిన బలమంతా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద పడుతుంది.

పరిష్కారం: చేతులు మోకాళ్లు దాటి ముందుకు వెళ్లగానే, మోకాళ్లు ఇంకా మడవకముందే పీల్చడం మొదలుపెట్టండి. క్యాచ్ చేరేసరికి ముప్పాతిక వంతు నిండితే చాలు. కాళ్లు తన్నే తొలి క్షణం ఆ బిగువును నిలపండి. ఒళ్లు వెనక్కి వాలుతుండగా పెదాలు సన్నగా చేసి వదలండి.

సరిగ్గా వస్తోందో లేదో తెలియాలంటే నడుముకు తువ్వాలు వదులుగా కట్టుకోండి. పీల్చినప్పుడు అది ముందే కాదు, పక్కలా వెనకా కూడా బిగియాలి. నా తువ్వాలు వారం రోజులు ముందు మాత్రమే బిగిసింది!

సమస్య: లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మడం

కారణం: లాగినంతసేపూ ఊపిరి బిగబట్టడం. బియ్యం బస్తా ఎత్తేటప్పుడు ఎవరూ నేర్పకుండానే బిగబడతాం. ఒక్కసారికి అది పనికొస్తుంది. ఒకసారి లాగి మళ్లీ ముందుకు వస్తే ఒక స్ట్రోకు. నిమిషానికి 24 స్ట్రోకుల చొప్పున 20 నిమిషాలంటే 480 సార్లు. ప్రతిసారీ రక్తపోటు ఎగిరి పడుతుంది.

పరిష్కారం: బిగబట్టడం తొలి క్షణానికే పరిమితం. ఆగినప్పుడు ఒక్కసారిగా లేవకండి, రెండు నిమిషాలు తేలిగ్గా లాగి ఆపండి. రక్తపోటు, హెర్నియా ఉన్నవారు మెషీన్ ఎక్కేముందు డాక్టర్‌ను అడగాలి.

సమస్య: వేగం నిమిషానికి 28 స్ట్రోకులు దాటితే ఊపిరి అందకపోవడం

స్ట్రోకుకు ఒక్క శ్వాస చాలడం లేదన్నమాట. రెండుకు మారండి: లాగుతూ వదిలి, చివర చిన్నగా పీల్చి, చేతులు చాస్తూ మళ్లీ వదిలి, ముందుకు జరుగుతూ పీల్చండి. డ్యాంపర్ (లాగేటప్పుడు ఎంత బరువుగా ఉండాలో మార్చే మీట) 10 మీద ఉంటే 4కు దించండి. 10 పెట్టి లాగడం మగతనం కాదు, నడుముకు శిక్ష.

పీల్చినప్పుడల్లా పక్కటెముక దగ్గర ఒకేచోట పోటు వస్తున్నా, కాలికి తిమ్మిరి పాకుతున్నా ఈ చిట్కాలేవీ ప్రయత్నించవద్దు. రోయింగ్ చేసేవారికి పక్కటెముకలో సన్నని పగుళ్లు రావడం ఉన్నదే. మెషీన్ ఆపి డాక్టర్‌కు చూపించండి.