కేంద్రక శక్తి లెక్కలు, 3వ పాఠం: తగ్గిన ద్రవ్యరాశి ఎంత శక్తి?

గత పాఠంలో బంధన శక్తి కట్టాం. ఈసారి ఒక విచ్ఛిత్తిలో (బరువైన కేంద్రకం చీలడం), ఒక సంలీనంలో (తేలిక కేంద్రకాలు కలవడం) ఎంత శక్తి వెలువడుతుందో కాగితం మీద తేలుద్దాం. ఆరు దశాంశ స్థానాలూ వేయండి. రెండింటికే కుదిస్తే జవాబు నమ్మడానికి లేదు.

యురేనియం-235 ఒక న్యూట్రాన్‌ను మింగి చాలా రకాలుగా చీలుతుంది. బేరియం-141, క్రిప్టాన్-92, మూడు న్యూట్రాన్లు వచ్చే చీలికను తీసుకుందాం. ద్రవ్యరాశులన్నీ పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో.

ముందు: 235.043930 + 1.008665 = 236.052595
తర్వాత: 140.914411 + 91.926156 + 3.025995 = 235.866562
తేడా: 0.186033

ఒక ప్రమాణం ద్రవ్యరాశి 931.494 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి ప్రమాణం) శక్తికి సమానం. తేడాను దీనితో గుణిస్తే 173.3 ఎంఈవీ.

తేడా రుణాత్మకంగా వచ్చిందా? ఎడమవైపు న్యూట్రాన్‌ను కలిపారో లేదో ముందు చూసుకోండి. ఇంకో పొరపాటు ఎలక్ట్రాన్లతో వస్తుంది. పట్టికల్లో ఉండేవి ఎలక్ట్రాన్లతో కలిపిన ద్రవ్యరాశులు. రెండు వైపులా అవే వాడితే 92కి 92 కొట్టుడుపోతాయి. యురేనియానికి మాత్రం ఒట్టి కేంద్రకం ద్రవ్యరాశి వేస్తే జవాబు 47 ఎంఈవీ తగ్గిపోతుంది.

పుస్తకాల్లో సుమారు 200 అని ఉంటుంది కదా, మనకు 173 ఎందుకొచ్చింది? చీలిన ముక్కల్లో న్యూట్రాన్లు మరీ ఎక్కువ. ఆ ముక్కలు బీటా క్షయం (న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను వదలడం) చెందుతూ చివరికి ప్రాసియోడిమియం-141 (140.907653), జిర్కోనియం-92 (91.905041) దగ్గర ఆగుతాయి. ఈ విలువలతో మళ్లీ కడితే 199.3 వస్తుంది. అదనంగా వచ్చిన 26లో కొంత యాంటీన్యూట్రినోలతో (దాదాపు దేన్నీ తాకకుండా దాటిపోయే కణాలు) పోతుంది, మిగతాది ఆలస్యంగా వేడిగా మారుతుంది. రియాక్టర్ ఆపాక కూడా ఇంధనాన్ని చల్లబరుస్తూనే ఉండాల్సింది ఇందుకే. 2011లో ఫుకుషిమాలో సునామీ వల్ల కరెంటు పోయి శీతలీకరణ ఆగిపోయింది. అప్పటికే ఆపేసిన మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది ఈ క్షయం వేడికే. ఈ 26ను చిన్న అంకె అనుకోవద్దు.

ఇక సంలీనం. డ్యూటీరియం 2.014102, ట్రిటియం 3.016049, కలిపి 5.030151. తర్వాత హీలియం-4 4.002603, న్యూట్రాన్ 1.008665, కలిపి 5.011268. తేడా 0.018883, అంటే 17.6 ఎంఈవీ. యురేనియం 199.3తో పోలిస్తే పదో వంతు కూడా లేదు. అయితే ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) వాటా చూడండి: ఇక్కడ 3.5, అక్కడ 0.84.

ఆ 17.6లో న్యూట్రాన్ 14.1 పట్టుకుపోతుంది. రెండు కణాల ద్రవ్యవేగాలు సమానంగా ఉండాలి కాబట్టి తేలికదానికే పెద్ద వాటా. దానికి ఆవేశం లేదు. ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు) పట్టి ఉంచే అయస్కాంత క్షేత్రాన్ని లెక్కచేయకుండా రియాక్టర్ గోడలోకి వెళ్లిపోతుంది. ప్లాస్మాను వేడిగా నిలపడానికి మిగిలేది హీలియం దగ్గరున్న 3.5 మాత్రమే.

అభ్యాసం: రెండు డ్యూటీరియాలు కలిసి హీలియం-3 (3.016029), ఒక న్యూట్రాన్ ఏర్పడితే వెలువడే శక్తి ఎంత? 3.27 ఎంఈవీ రావాలి. న్యూట్రాన్ వాటా కూడా కట్టండి. ఈసారి ద్రవ్యరాశుల నిష్పత్తి 3:1.