రోహిణి కార్తెలో నూరువరహాలకి ఎరువు వద్దు: తొలకరి దాకా పాటించాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరుకి విశాఖ డాబాల మీద నూరువరహాల చిగుళ్లు పసుపెక్కిపోతాయి. గంధరాజం మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. పాపం తిండి చాలడం లేదనుకుని గుప్పెడు ఎరువు వేసేస్తుంటారు. రోహిణి కార్తె ఎండల్లో ఆ పని మాత్రం చేయకండి. అప్పటికే ఉప్పు పేరుకున్న కుండీలో ఎరువు పడితే వేళ్లు మాడతాయి, వారం తిరక్కుండా ఆకుల అంచులు నల్లబడతాయి.

నూరువరహాలు, గంధరాజం, సింహాచలం పేరు చెబితే గుర్తొచ్చే సంపెంగ, మక్కువకొద్దీ తెచ్చుకునే హైడ్రాంజియా, అజేలియా, ఇవన్నీ కాస్త ఆమ్ల గుణమున్న మట్టిని ఇష్టపడతాయి. మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత పీహెచ్, అది 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 5 నుంచి 6.5 మధ్య ఉంటే వాటికి సుఖం. మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుము వల్ల, కాబట్టి ఇనుముకి కొదవ లేదు. కానీ పీహెచ్ 7 దాటితే ఆ ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది, వేళ్లకి అందదు. పీహెచ్‌ని అలా పెంచేది చాలా ఇళ్లలో బోరు నీళ్లే. వాటిలో బైకార్బనేట్లు ఎక్కువ. ఎండాకాలంలో రెండు పూటలా పోస్తాం, నీరు ఆవిరైపోతుంది, లవణాలు మట్టిలోనే ఉండిపోతాయి. మట్టి కుండీ అంచున తెల్లగా పొక్కులాగా కట్టేది అదే.

అందుకే ముందు ఆకుని చూడండి. కొమ్మ చివరి లేత ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే, ఈనెలు సన్నటి వలలాగా ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుప్పచ్చగా, బాగా ముదిరితే దాదాపు తెల్లగా కనిపిస్తే అది ఇనుము అందకపోవడం. కింది ముదురు ఆకు మొత్తంగా పసుపెక్కితే నత్రజని లోటు. ముదురు ఆకులోనే ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం తగ్గినట్టు. వేళ్లు కుళ్లినా ఆకులు పసుపెక్కుతాయి కాబట్టి మట్టిలోకి వేలు గుచ్చి తడి కూడా చూడండి. ఈ తేడా తెలియకుండా ఎరువు కొనడం డబ్బు దండగ.

తొలకరి పడేలోగా చేయాల్సిన అసలు పని కుండీని కడగడం. ఎండ తగ్గాక, కుండీ పట్టేంత నీటికి రెండింతలు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం నుంచి పూర్తిగా పోనివ్వాలి. కింద పళ్లెం ఉంటే తీసేయండి, లేకపోతే వదిలిన ఉప్పునే మళ్లీ పీల్చుకుంటుంది. ఈ పనికి బోరు నీళ్ల కంటే కుళాయి నీళ్లు మేలు. నగరానికి వచ్చేది ఎక్కువగా మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ లాంటి జలాశయాల నీరు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, బకెట్లో పట్టుకోండి. వాన మొదలయ్యాక ఇంకేం కావాలి, పెద్ద డ్రమ్ము పెట్టి మూత వేసి ఉంచండి. మూత లేకపోతే దోమలు.

మృగశిరలో రెండు మంచి వానలు పడి మొక్క కొత్త చిగురు వేశాక ఎరువు మొదలుపెట్టవచ్చు. ఈ మొక్కలకి అమ్మోనియం సల్ఫేట్ నప్పుతుంది. అందులో 21 శాతం నత్రజని ఉంటుంది, మట్టిని ఆమ్లం వైపు తెస్తుంది కూడా. లీటరు నీటికి 1 గ్రాము, మహా అయితే 2, నెలకోసారి చాలు. ముందు మామూలు నీళ్లతో మట్టిని తడిపి, ఆ తర్వాతే ఇది పోయాలి. పెద్ద వాన హెచ్చరిక ఉన్న రోజున వేస్తే అంతా కాలవపాలే.

ఇనుము కోసం అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వాడేవాళ్లు కొనేటప్పుడే రంగు చూడండి. లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగుకి తిరిగిందంటే పాడైనట్టే. పొలాల్లో లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేస్తుంటారు. కుండీ మొక్కలకి 2 గ్రాములు మించకపోవడం క్షేమం. నీళ్లలో ముందు నిమ్మ ఉప్పు, తర్వాత అన్నభేది కలపండి. కలిపిన నీళ్లు నిలవ ఉంచకుండా సాయంత్రమే చల్లండి. ముందు ఒక్క కొమ్మకి చల్లి రెండు రోజులు చూడాలి. టైల్స్ మీద పడితే మరక వదలదు, కుండీని పక్కకి జరుపుకోండి. పిల్లలున్న ఇంట్లో పొట్లం తాళంలో ఉండాల్సిందే, మింగితే ప్రాణాపాయం. అన్నభేదిని భాస్వరం ఉన్న డీఏపీ ఎరువుతో కలిపితే మాత్రం రెండూ వృథా.

గంధకం పొడి మంచిదే కానీ మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఫలితం కనిపించలేదని మళ్లీ మళ్లీ వేయకండి. చల్లేటప్పుడు కళ్లు, ముక్కు కప్పుకోండి.

వంటింటి చిట్కాల విషయంలో నా మాట సూటిగానే చెబుతాను. బూడిద, కోడిగుడ్డు పెంకులు ఈ మొక్కల దగ్గరికి రానివ్వకండి, అవి పీహెచ్‌ని పెంచుతాయి. కుండీకి లోపల సున్నం పూయడమూ అంతే. వాడేసిన కాఫీ పొడిలో పులుపు పెద్దగా మిగలదు, పలుచగా కలిపితే నష్టమూ లేదు. పుల్ల మజ్జిగ మట్టి గుణాన్ని మార్చేంత పని చేయదు, చీమల్ని మాత్రం పిలుస్తుంది. పచ్చి ఆవపిండి, వేరుశనగ చెక్క నేరుగా వేస్తే మట్టిలో పులిసి వేడెక్కుతాయి. బ్యాటరీ నీళ్లు, బాత్‌రూమ్ యాసిడ్ కలిపి పోయమని ఎవరు చెప్పినా వినకండి. అమ్మోనియం సల్ఫేట్‌ని సున్నంతో కలిపితే ఘాటైన అమ్మోనియా వాయువు వస్తుంది, రెంటినీ ఒకే డబ్బాలో పెట్టకండి.

కొత్త కుండీ నింపడానికి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తేవద్దు, అది కాపాడుకోవాల్సిన భౌగోళిక వారసత్వ సంపద. నర్సరీలో దొరికే ఎర్రమట్టికి, రెండు మూడుసార్లు కడిగి పిండిన కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. ఇల్లు కట్టిన చోట మిగిలిన మట్టిలో సిమెంటు, సున్నం ఉంటాయి. అనుమానముంటే పిడికెడు ఎండు మట్టి మీద వెనిగర్ చుక్కలు వేయండి, బుసబుస పొంగితే ఆ మట్టి పనికిరాదు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో ఎరువు ఆపేయండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో గాలి తగ్గిన వెంటనే ఆకుల మీది ఉప్పుని మంచినీళ్లతో కడిగి, కుండీని ఇంకోసారి బాగా పారించండి.