మాఘ, ఫాల్గుణాల్లో ఏట్లో గాలం: చేప ఎందుకు పడట్లేదు?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మన తిరుపతి, చిత్తూరు వైపు గాలం పట్టేవాళ్లకు చేతులు దురద పెట్టేదీ అప్పుడే. ఈశాన్య రుతుపవనాల వానలకు నవంబరు, డిసెంబరులో పారిన స్వర్ణముఖి, అరణి లాంటి ఏర్లు ఫిబ్రవరికి సన్నబడతాయి. చాలాచోట్ల పారకం ఆగిపోయి మడుగులు మిగులుతాయి. చేపలన్నీ ఆ మడుగుల్లోనే ఉంటాయి, అయినా గంటల తరబడి కూర్చున్నా పడవు. వెంటనే అందరూ ఎర మీద పడతారు: ఎర్రలు తీసి మైదా ముద్ద, ముద్ద తీసి రొయ్య. నన్నడిగితే ఈ రెండు నెలల్లో తప్పు ఎరది కావడం అరుదు. ముందు నీళ్లు చూడాలి, తర్వాత గడియారం చూడాలి.

సమస్య: తెల్లారకముందే వెళ్లినా నీళ్ల మీద తేలే బెండు కదలట్లేదు

చేపకు మనలా సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఒళ్లూ అంతే. ఫిబ్రవరిలో మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా రాత్రి చలి ఇంకా ఉంటుంది. లోతు తక్కువ మడుగు తెల్లవారేసరికి బాగా చల్లబడుతుంది. చేప లోతుకు జరిగి మందంగా ఉండిపోతుంది, ఆకలీ తగ్గుతుంది.

ఇంకో కారణం నాచు. పగలు ఎండలో నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే నాచు పట్టిన మడుగులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. ఆ వేళ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే తిండి కోసమని మురిసిపోకండి, వాటికి ఊపిరాడట్లేదు. అప్పుడు మీరు ఏ ఎర వేసినా ముట్టవు.

పరిష్కారం: ఫిబ్రవరిలో హాయిగా టిఫిన్ చేసే బయల్దేరండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా కూర్చోండి. ఎండ తగిలే గట్టు పక్కన, లోతు మొదలయ్యే అంచులో గాలం వేయండి.

మార్చి సగం దాటాక మాత్రం ఈ సలహా తిరగబడుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీలకు అది ఏడున్నర దగ్గరికి పడిపోతుంది. అప్పుడు మధ్యాహ్నం దండగ. పొద్దున్నే వెళ్లండి, కానీ నాచు మడుగుకు కాదు; చెక్‌డ్యాం కింద నీళ్లు కాస్తయినా దూకి నురగ కట్టే చోటికి.

సమస్య: చేపలు కళ్లెదుటే తిరుగుతున్నాయి, ఎర దగ్గరకు రావట్లేదు

ఈ కాలంలో బురద అడుక్కు దిగిపోయి ఇసుక ఏట్లో నీళ్లు తేటగా ఉంటాయి. మీకు చేప కనిపిస్తోందంటే దానికీ మీరు కనిపిస్తున్నారు. గట్టు అంచున నిలబడిన మనిషి నీళ్లలోంచి బాగానే తెలుస్తాడు; నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే దాని చూపుకు దాదాపు అందడు. మీ నీడ నీళ్ల మీద పడకుండా సూర్యుడు ఎదురుగా ఉండేలా చూసుకోండి. కళ్లు చికిలించాల్సి వస్తుంది, తప్పదు. 0.40 మిల్లీమీటర్ల మందం దారం తీసేసి 0.20 లేదా 0.22 వేయండి, గాలం సైజూ తగ్గించండి. చెప్పులు టపటపలాడించుకుంటూ గట్టు మీద నడవొద్దు, ఆ అదురు చేపకు తెలిసిపోతుంది. స్నేహితుల బ్లూటూత్ స్పీకర్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

సమస్య: ఎర మాయమవుతోంది, చేప లేదు

ఇది బెండు చూసి తేల్చుకోవాలి. టకటకా చిన్నగా అదురుతుంటే పరిగెలో, జిలేబీ (తిలాపియా) చేప పిల్లలో కొరుక్కుపోతున్నట్టు. బెండు ఏటవాలుగా ఒకవైపుకు సాగిపోతే జెల్ల అయ్యే అవకాశం ఎక్కువ. నిలువుగా ఉన్న బెండు మునగకుండా పైకి లేచి పక్కకు పడుకుంటే మాత్రం వెంటనే లాగండి. మోసు లాంటి అడుగున తినే చేప ఎరతో పాటు దారానికి కట్టిన సీసం బరువునూ పైకెత్తింది. చాలామంది అది చూసి గాలికి పడిందనుకుని ఊరుకుంటారు.

చిన్నచేపల బెడద ఉంటే మైదా ముద్దలో కాస్త దూది పీచు కలిపి పిసకండి, గాలానికి గట్టిగా పట్టుకుంటుంది. సీసం ఇంకొంచెం పెంచితే ఎర త్వరగా అడుక్కు చేరుతుంది. జెల్ల పడితే గుడ్డతో పట్టుకోండి, రెక్కల ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది.

సమస్య: కొర్రమీను బుడగ వేస్తోంది గానీ తినట్లేదు

అది గాలి పీల్చడానికి పైకొస్తుంది. బుడగ వేసినంత మాత్రాన వేటలో ఉన్నట్టు కాదు. బుడగ లేచిన చోట నెత్తిన ఎర పడేస్తే బెదిరి పోతుంది. రెండు మూడు గజాలు అవతల వేసి, తుంగ పక్కగా మెల్లగా లాక్కురండి. ఎరగా వేసిన రబ్బరు కప్పను పట్టగానే కర్ర ఎత్తేయకుండా ఒక్క క్షణం ఆగి లాగండి. ఎర్రటి పిల్లల గుంపు పైన తిరుగుతుంటే కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. దాన్ని వదిలేయండి.

సమస్య: నిన్న పడ్డాయి, ఇవాళ లేవు

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వెళ్లండి. మర్నాటికి నీళ్లు పుల్లను వదిలి కిందికి జరిగాయంటే రైతుల మోటార్లు నడుస్తున్నట్టు. నిన్నటి చోటు పలచబడి చేప లోతుకు పోయింది, మీరూ జరగండి. నీటిమట్టం మారకపోతే రాత్రి ఎవరో వల వేసి ఉంటారు. శ్రీకాళహస్తిలో శివరాత్రి ఉత్సవాల రోజుల్లో అయితే జనం స్నానాలకు దిగుతారు, ఏటి వైపు వెళ్లనే వెళ్లొద్దు.

సమస్య: నీళ్లు నల్లగా, వాసనగా ఉన్నాయి

తిరుపతి ఊరి మురుగు కలిసే చోటు దిగువన ఇలాగే ఉంటుంది. దీనికి ఎరలో మందు లేదు. అక్కడ పడినా ఇంటికి తేవద్దు. ఊరికి ఎగువన చంద్రగిరి, తొండవాడ వైపు చూసుకోండి. రిజర్వాయరు, చెరువు అయితే చేపల హక్కు సొసైటీకో లీజుదారుడికో ఉంటుంది, ముందే అడగండి. ఇసుక తవ్విన గుంతలున్న చోట మోకాలి లోతు కనిపించిందని దిగొద్దు, తర్వాతి అడుగు నిలువు లోతు కావచ్చు. గాలం చిక్కుకుంటే దారం తెంపేయండి.