పాత ఎక్స్‌బాక్స్ 360కి వైఫై పెట్టుకోవడం

2010లో వచ్చిన స్లిమ్ మోడల్ నుంచి ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ లోపలే వైఫై ఉంది. 2005 నాటి తెల్ల పెట్టెకి మాత్రం అడాప్టర్ విడిగా కొనాలి. మా ఇంట్లో ఇప్పటికీ అదే. మా తమ్ముడు పారేయనివ్వడు. కొత్త అడాప్టర్లు ఇప్పుడు దొరకడం కష్టం. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే రెండు యాంటెన్నాలున్న నల్లది తీసుకోండి. కంప్యూటర్‌కి పెట్టే మామూలు యూఎస్‌బీ డాంగిల్ చవగ్గా వస్తుంది కదా అని కొనకండి, కన్సోల్ దాన్ని పట్టించుకోదు.

కన్సోల్ ఆపి, అడాప్టర్ కొక్కేలను వెనక సందుల్లో పెట్టి టక్కుమనేదాకా నొక్కండి. పొట్టి వైరుని వెనకున్న యూఎస్‌బీలో గుచ్చండి. లాన్ కేబుల్ ఉంటే పీకేయాలి, పీకకపోతే కన్సోల్ వైఫై జోలికే పోదు.

ఆన్ చేసి సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్లి మీ వైఫై పేరు ఎంచుకోండి. పాస్‌వర్డ్‌ని కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం కొట్టడం విసుగే, చిన్న పెద్ద అక్షరాలు చూసుకుంటూ కొట్టండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా కలవట్లేదంటే టెన్షన్ పడొద్దు, రౌటర్ చూడండి. కొత్త రౌటర్లలో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం మీద ఉండొచ్చు. ఈ పాత మెషీన్‌కి అది రాదు. రౌటర్ సెట్టింగ్స్‌లో దాని ముందు రకం డబ్ల్యూపీఏ2కి మార్చండి. ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్కసారి తెగిపోతాయి కాబట్టి ముందే చెప్పి మార్చడం మంచిది.

గేములు కొనుక్కునే 360 ఆన్‌లైన్ స్టోర్ 2024 జులై 29న మూసేశారు. అంతకుముందు కొన్న గేములు మాత్రం మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.